మ్యూజియం గుమ్మంలో చెప్పుల స్టాండు

మ్యూజియంలో నా ఉద్యోగం ఏమిటో మా బావమరిదికి నేను రిటైరయ్యేదాకా అర్థం కాలేదు. "బొమ్మలు వేస్తావా బావా?" అనేవాడు. వెయ్యను. "పోనీ అమ్ముతావా?" అమ్మను. "కాపలా కాస్తావా?" దానికి వాచ్‌మన్ ఉన్నాడు. "మరి జీతం ఎందుకిస్తున్నారు?" వచ్చినవాళ్ళకి బొమ్మలు చూపిస్తాన్రా అంటే, "కళ్ళున్నవాడికి అవే కనపడతాయిగా, మధ్యలో నువ్వెందుకు?" అని పెళ్ళిళ్ళలో పదిమందిలోనూ నవ్వేవాడు.

వాడు అడిగింది వెటకారానికే అయినా ప్రశ్న మంచిదే. ఇప్పుడు నా కుర్చీలోకి శిరీష అనే అమ్మాయి వచ్చింది. బాగా చదువుకుంది. మొదటి రోజే నన్ను పిలిచి, "సార్, ఈ ఉద్యోగంలో అసలు ఏం చెయ్యాలి?" అంది. ఉత్తర్వులో 'పాఠశాలలకు, కుటుంబాలకు, వయోజనులకు కళా విద్యా కార్యక్రమాలు నిర్వహించుట' అని ఉంటుంది. అది చదివితే ఏమీ తెలియదు. అందుకని జరిగినవి జరిగినట్టు రాస్తున్నాను. ఇందులో ప్రమోషన్లు లేవు. ఉన్నా రాయను, రాలేదు కాబట్టి.

బోర్డులు రాసేవాడు

నేను పదో తరగతితో ఆగిపోయినవాణ్ణి. గుడివాడలో కిరాణా కొట్లకి, రైసు మిల్లులకి బోర్డులు రాసేవాణ్ణి. బందరులో మా మ్యూజియం పెట్టిన కొత్తలో వస్తువుల కింద పేర్లు రాయడానికి మనిషి కావాలంటే వచ్చాను. పాత బంగళా, మూడు హాళ్ళు. ఒకదాన్లో కలంకారీ బట్టలు, వాటిని అద్దే కొయ్య అచ్చులు. రెండోదాన్లో మన జిల్లా చిత్రకారులు వేసిన బొమ్మలు. మూడోదాన్లో కొయ్య చెక్కడాలు, కంచు విగ్రహాలు.

పేరు తప్పు రాస్తే పరువు పోతుందని ఒక్కో వస్తువు గురించీ చదవడం మొదలుపెట్టాను. ఇంగ్లీషు పుస్తకం ఒక పక్క, నిఘంటువు ఒక పక్క. డిగ్రీ లేనివాడు చదివితే దాన్ని చదువు అనరు, 'ఆసక్తి' అంటారు. "కళాసక్తి గల మా సుబ్బారావు గారు" అని ఎన్ని సభల్లో పరిచయం చేశారో! డిగ్రీ ఉండి చేతికి పుస్తకం తగలనివాడు మాత్రం నిపుణుడు. ఇది నా కడుపుమంట. చెప్పేశాను కాబట్టి ఇక పక్కన పెడదాం.

ఊరుకోవడం నేర్పిన ఆవిడ

మా మొదటి క్యూరేటర్ సత్యవతి గారు. సన్నగా, గట్టిగా, చేనేత చీరలో చీపురుపుల్లలా ఉండేవారు. పేర్లు రాసేవాడు పేర్ల గురించి చదువుతున్నాడని ఆవిడే కనిపెట్టి, "బళ్ళనుంచి పిల్లలొస్తే మీరు చూపించండి" అన్నారు.

మొదటిసారి ఊళ్ళో బడి పిల్లలు వచ్చారు. వారం రోజులు తయారయ్యాను. కలంకారీ అద్దకం పుట్టుక దగ్గర్నుంచి ఓడల్లో ఎక్కడెక్కడికి వెళ్ళిందో దాకా ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఒక పిల్లాడు స్తంభానికి ఆనుకుని నిద్రపోయాడు. వాళ్ళ మాస్టారు కూడా కునికిపాట్లు పడ్డాడు.

పిల్లలు వెళ్ళాక సత్యవతి గారు అన్నారు: "బాగా మాట్లాడారండీ. ఆ పిల్లలు బట్ట వైపు ఎంతసేపు చూశారు, మీ నోటి వైపు ఎంతసేపు చూశారు?"

నోటి వైపేనని ఒప్పుకున్నాను.

"వాళ్ళ తరఫున మీరెందుకు చూసిపెట్టడం? ఏం కనపడుతోందని అడగండి. అడిగి ఊరుకోండి. ఎవరూ పలకకపోతే కంగారుపడి మీరే చెప్పెయ్యకండి. అలా ఊరుకున్నందుకే మనకి జీతం."

ఆ ఊరుకోవడం ఎంత కష్టమో చేస్తేగాని తెలియదు. ప్రశ్న అడిగాక హాలంతా నిశ్శబ్దమైపోతుంది. ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది. టీచరు గారికి పరువు పోతున్నట్టు ఉంటుంది, "చెప్పండ్రా" అని కళ్ళెర్రజేస్తారు. నాలుక దురద పెడుతుంది. అప్పుడు ఊరుకోవాలి.

ఒకసారి బంటుమిల్లి వైపు నుంచి ఏడో తరగతి పిల్లలు వచ్చారు. ఒక పెద్ద చిత్రం ముందు కూర్చోబెట్టాను. సాయంత్రపు వెలుగులో చెరువు, నీళ్ళు అద్దంలా కదలకుండా ఉన్నాయి. ఎంత ప్రశాంతంగా ఉందో అని పెద్దవాళ్ళంతా నిట్టూరుస్తారు దాన్ని చూసి. ఏం కనపడుతోందర్రా అని అడిగి ఊరుకున్నాను. చివరికి వెనక నుంచి ఒకడు లేచాడు.

"రొయ్యలన్నీ చచ్చిపోతాయండీ."

"అదేంట్రా?"

"ఒక్క ఏరియేటరన్నా లేదండి. నీళ్ళు అలా కదలకుండా ఉంటే గాలాడదండి. తెల్లారేసరికి తేలిపోతాయ్."

టీచరు వాణ్ణి కూర్చోమని గదిమింది. నేను వద్దన్నాను. నీళ్ళు కదలడం లేదని నీకెలా తెలిసిందిరా అని అడిగాను. వాడు దగ్గరకొచ్చి, ఎక్కడెక్కడ కుంచె అడ్డంగా లాగాడో, ఎక్కడ గీత విరగలేదో వేలు గాల్లో ఆడిస్తూ చూపించాడు. చిత్రకారుడు ఆ నీళ్ళని ఎలా నిలబెట్టాడో రొయ్యల చెరువు గట్టున పెరిగినవాడు పట్టుకున్నాడు. మిగతా పిల్లలంతా లేచి దగ్గరికి వచ్చేశారు. ఆ రోజు నేను మాట్లాడింది చాలా తక్కువ, ఇంటికి మాత్రం గాల్లో తేలుతూ వెళ్ళాను.

టీచర్లకి ఒక మాట. పిల్లల్ని తీసుకొచ్చి, నోటు పుస్తకాలు తీయించి, బొమ్మ కింద నేను రాసిన పేర్లు ఎక్కించుకోమనే టీచర్లంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట. పేర్లు రాసినవాణ్ణి నేనే చెబుతున్నాను, అవి చూడకండి. పైన ఉన్నది చూడండి.

ఆదివారాలు, పెద్దవాళ్ళు

ఆదివారం కుటుంబాలు వచ్చేవి. బొమ్మ ముందు నిలబడి అందరూ దానికి వీపు పెట్టేవారు, సెల్ఫీకి. సత్యవతి గారు దానికి ఒక ఉపాయం చెప్పారు. కుటుంబానికొక కాగితం, పెన్సిలు ఇచ్చి, నాన్న బొమ్మని చూస్తూ చెప్పాలి, బిడ్డ బొమ్మకి వీపు పెట్టి విన్నది విన్నట్టు గీయాలి అన్నాం. "కుడి పక్క ఒక కొమ్మ ఉంది." "ఎంత పొడుగు నాన్నా?" "ఎంతంటే... ఉండు చూసి చెప్తా." ఆ 'ఉండు చూసి చెప్తా' అన్న మాట కోసమే ఆ తిప్పలన్నీ.

పెద్దవాళ్ళతోనే అసలు కష్టం. సాయంత్రం కోర్టయ్యాక వకీళ్ళు, ఆఫీసుల వాళ్ళు, లెక్చరర్లు వచ్చేవారు. చిన్నపిల్లాడు తప్పు చెప్పడానికి భయపడడు. పెద్దవాడు ఒప్పు చెప్పడానికి కూడా భయపడతాడు. పక్కన ఎవరున్నారో చూసుకుని, "అద్భుతం" అంటాడు. అద్భుతం అన్నవాణ్ణి నమ్మకండి. వాడు చూడలేదు. "ఇదేం బాలేదండీ" అన్నవాణ్ణి కూర్చోబెట్టి ఎందుకు బాలేదో అడగండి. వాడికి కళ్ళున్నాయి.

గూట్లోంచి వచ్చిన అమ్మవారు

మూడో హాల్లో ఒక కొయ్య అమ్మవారు ఉంది. మనిషి ఎత్తుకి కొంచెం తక్కువ. గుడివాడలో రైసు మిల్లు ఉన్న వెంకటరత్నం గారిది. వాళ్ళ ఇంటి ఇలవేలుపు. ఇల్లు పడగొట్టి కట్టుకుంటూ, ఆ బొమ్మని హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసే చోట నిమజ్జనం చేద్దామనుకున్నారు. సత్యవతి గారికి ఆ కబురు ఎవరు చెప్పారో గానీ, వెంటనే బస్సెక్కి గుడివాడ వెళ్ళి, అడిగి తెచ్చారు. ఏం మాట్లాడారో, ఏం ఒప్పందమో నాకు తెలియదు. బొమ్మని హాలు నడిమధ్యలో, చుట్టూ తిరిగి చూసేలా పెట్టించారు. అది ఆవిడ చేసిన చివరి పని. తర్వాత రిటైరయ్యారు, రెండేళ్ళకి పోయారు.

తర్వాత వచ్చిన డైరెక్టరు ప్రభాకర్ గారు. చెడ్డవాడు కాదు. భయస్తుడు. చెడ్డవాడితో దెబ్బలాడొచ్చు, భయస్తుడితో ఎలా దెబ్బలాడతాం?

సాయంత్రం క్లాసులకి వచ్చేవాళ్ళలో ఒకావిడ ఒకరోజు అమ్మవారి పాదాలకి కుంకుమ పెట్టింది. మర్నాడు ఇంకొకావిడ పసుపు. వారం తిరిగేసరికి ఎవరో అరటిపళ్ళు పెట్టారు. కొయ్యకి నూనె, కుంకుమ తగలకూడదండీ, చెక్కడం పాడవుతుందని నేను మొత్తుకున్నాను. ప్రభాకర్ గారు, "డోనర్ సెంటిమెంటు సుబ్బారావు గారూ. వెంకటరత్నం గారి కుటుంబం తెలిస్తే ఏమనుకుంటారు? మనం వద్దంటే అపచారం అనరూ?" అన్నారు. ఆ తర్వాత శుక్రవారాలు జనం పెరిగారు. హాజరు చూసి ఆయన ముఖం వెలిగిపోయింది. బొమ్మని గోడకి జరిపారు. వెనకాల మెరిసే తెర కట్టారు. వాచ్‌మన్ ఒక ఇత్తడి పళ్ళెం పెట్టాడు, అందులో చిల్లర పడసాగింది. ఆఖరికి బంగళా మెట్ల మీద, మొదటి గుమ్మంలోనే, చెప్పుల స్టాండు వచ్చింది. దాని మీద బోర్డు రాయమన్నారు నన్ను, 'పాదరక్షలు ఇక్కడ విడువవలెను' అని.

రాయనన్నాను. ఊళ్ళో ఫ్లెక్సీ కొట్లకేం కొదవ? గంటలో ఎర్ర అక్షరాలతో ఫ్లెక్సీ వేలాడింది. నా పాత వృత్తిని మింగిన ఫ్లెక్సీ నా కొత్త వృత్తిని కూడా మింగడానికి వచ్చిందనుకున్నాను.

మెట్ల మీద ఆగిన క్లాసు

దివిసీమలో, పాలకాయతిప్ప బీచికి వెళ్ళే దారిలో ఒక ఊరి బడి ఉంది. అక్కడి హెడ్మిస్ట్రెస్ ఎస్తేరు గారు ఏటా తన పిల్లల్ని తీసుకొచ్చేవారు. కృష్ణ మీద ఉల్లిపాలెం వంతెన లేని రోజుల్లో కూడా చుట్టూ తిరిగి వచ్చారు. ఆవిడ పిల్లలు వస్తే నాకు పండగ. సముద్రం చూస్తూ పెరిగినవాళ్ళు, దేన్నయినా కళ్ళు చిట్లించి చూస్తారు.

ఆ ఏడు బస్సు దిగారు. పిల్లలు వరసగా మెట్లెక్కి, స్టాండు చూసి ఆగారు. సగం మంది వంగి చెప్పులు విప్పబోయారు. సగం మంది అలాగే నిలబడి టీచరు ముఖంలోకి చూశారు. లోపలి నుంచి అగరొత్తుల వాసన వస్తోంది.

ఎస్తేరు గారు నన్ను పక్కకి పిలిచారు. "మాస్టారూ, ఇది మ్యూజియమేనా అండీ, గుడి కట్టారా?"

"మ్యూజియమేనమ్మా. చెప్పులు..."

"చెప్పుల గొడవ కాదండీ. నా పిల్లల్లో సగం చర్చికెళ్ళే ఇళ్ళవాళ్ళు, సగం కాదు. మొక్కులుండవు, బొమ్మలు చూడ్డమేనని ఇంటింటికీ తిరిగి ఒప్పించా. ఇప్పుడు కొందరు విప్పి లోపలికెళ్తారు, కొందరు బయట నిలబడతారు. నా క్లాసుని మీ గుమ్మం దగ్గర రెండు ముక్కలు చెయ్యమంటారా?"

నేరుగా ప్రభాకర్ గారి గదిలోకి వెళ్ళాను. ఈ ఒక్క పూట స్టాండు తియ్యండి అని బతిమాలాను.

"ఇవాళ తీస్తే రేపు ఎందుకు పెట్టారంటారు. వెంకటరత్నం గారికి తెలిస్తే బొమ్మ వెనక్కి తీసుకుపోతారు. అయినా సుబ్బారావు గారూ, బళ్ళు ఈ మధ్య తగ్గాయి. మీరు రిటైరయ్యాక ఈ స్కూళ్ళ సెక్షనే అక్కర్లేదేమోనని కమిటీలో కూడా అనుకున్నాం."

అదీ సంగతి. పిల్లలు రాకుండా గుమ్మంలో అడ్డం పెట్టి, పిల్లలు రావడం లేదని సెక్షను మూసేస్తారన్నమాట!

పిల్లల్ని ఉత్తచేతులతో పంపలేకపోయాను. పిల్లల కోసం విడిగా ఉంచుకునే కొత్త అచ్చులు, రంగు తెచ్చి, పెరట్లో వేపచెట్టు కింద పాత పంచెలు పరిచి అద్దించాను. పిల్లలకి సరదాగానే ఉంది. బస్సెక్కుతూ ఎస్తేరు గారు మాత్రం అన్నారు: "ఈ పూటకి మీరు గట్టెక్కించారు. వచ్చే ఏడు తీసుకురానండీ. ఏమనుకోకండి."

ఆవిడ రాకపోతే ఆ దారిలోని మిగతా బళ్ళూ రావు. బళ్ళు రాకపోతే నా వెనక ఈ పని చేసేవాడుండడు. ఎవరి మీద మండిపడాలో తెలియక మూడో హాల్లోకి వెళ్ళి అమ్మవారి ముందు నిలబడ్డాను. ఆవిడ పెద్ద కళ్ళు ఎటో చూస్తున్నాయి. పాదాల మీద కుంకుమ చెక్కు కట్టింది. అప్పుడు తట్టింది. వెంకటరత్నం గారు ఏమనుకుంటారో అని అందరం వణుకుతున్నాం గానీ, ఆయన్ని అడిగినవాడు ఒక్కడూ లేడు.

గుడివాడలో కాఫీ

మర్నాడు సెలవు పెట్టి గుడివాడ బస్సెక్కాను. దారి పొడుగునా అనుమానాలే. ఆయన నిజంగానే పూజలు కావాలంటే? నేను పైవాణ్ణి దాటి వచ్చానని ప్రభాకర్ గారికి ఫోను చేస్తే?

కొత్త మేడ, ముందు వరండాలో వెంకటరత్నం గారు పేపరు చదువుతున్నారు. నన్ను చూసి గుర్తుపట్టారు. "ఏవయ్యా సుబ్బారావూ! మా మిల్లు బోర్డు ఇంకా నువ్వు రాసిందే. ఎండకీ వానకీ చెక్కుచెదర్లా. రా, కూచో."

ఆయన భార్య అనసూయమ్మ గారు కాఫీ తెచ్చి ఇచ్చి, "అన్నయ్య గారూ, మా బొమ్మ బావుందా?" అని అడిగారు.

బావుందమ్మా అన్నాను. నెమ్మదిగా, వాళ్ళ ముఖాలు చూసుకుంటూ, కుంకుమ సంగతి చెప్పాను. అరటిపళ్ళ సంగతి చెప్పాను. ఆవిడ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అయిపోయింది, భక్తితో కళ్ళనీళ్ళు వస్తున్నాయి, ఇక నా పని గోవిందా అనుకున్నాను.

"నైవేద్యం పెడుతున్నారా?"

"అప్పుడప్పుడూనమ్మా. శుక్రవారాలు..."

"అప్పుడప్పుడా!" ఆవిడ కేక పెట్టినంత పని చేశారు. "ఏవండీ, విన్నారా? అప్పుడప్పుడట! మొదలుపెడితే ఒక్క పూట కూడా తప్పకూడదు కదండీ! ఎవరు మొదలెట్టమన్నారు వాళ్ళని?"

వెంకటరత్నం గారు పేపరు మడిచారు. "మేవిచ్చింది ఉత్త కొయ్యయ్యా. కళాకర్షణ చేయించే ఇచ్చాం. మీ సత్యవతి గారికి ఇవన్నీ చెప్పాంగా."

కళాకర్షణ అంటే, విగ్రహంలో ఉన్న దైవకళని మంత్రాలతో కలశంలోకి తీయడం. ఆ కలశాన్ని ఊళ్ళో గుడికి తీసుకెళ్ళి, కొత్త రాతి విగ్రహంలో నిలిపారట. అమ్మవారు ఆ గుళ్ళో ఉంది. మా దగ్గరున్నది ఆవిడ ఖాళీ చేసిన కొయ్య. ఏటిలో కలిపెయ్యాల్సిన దాన్ని, ఇంత చెక్కడం నీళ్ళపాలు చెయ్యకండని సత్యవతి గారు అడిగితే ఇచ్చారు.

అనసూయమ్మ గారు నా ఎదురుగా కూర్చున్నారు. "నేను కాపరానికొచ్చిన రోజే మా అత్తగారు ఆ గది తాళం నా కొంగుకి కట్టిందండీ. రోజూ మడి, రెండు పూటలా నైవేద్యం. ఇంట్లో ఎవరో ఒకరు ఉండి తీరాలి. ఆ ఒకరు నేనే. మా చెల్లెలి పెళ్ళికి పీటల మీద ఉండగా వెళ్ళి, అక్షింతలేసి, భోజనం చెయ్యకుండా తిరిగొచ్చా. ఆ తల్లంటే నాకు భక్తి లేక కాదు. కానీ పంతులు గారు కలశం పట్టుకుని గడప దాటారు చూడండి, నేను వెళ్ళి పడుకున్నా. పెళ్ళయ్యాక అంత నిద్ర ఎప్పుడూ పోలేదండీ. మళ్ళీ ఇప్పుడు మీవాళ్ళు ఆ కొయ్యకి కొబ్బరికాయలు కొట్టి, రేపు మానేస్తే, ఆ దోషం ఎవరికి? ఫోను కలపండి, మీ డైరెక్టరు గారికి."

కలిపాను. ఆ సంభాషణలో ఇటుపక్కది మాత్రమే నాకు వినిపించింది. అది చాలు.

"ప్రభాకర్ గారాండీ? గుడివాడ నుంచి, వెంకటరత్నం గారి భార్యని. మా బొమ్మకి మీరు నైవేద్యం పెడుతున్నారటగా... ఆహా, సంతోషం. మరి రోజూ పెడుతున్నారా?... ఆదివారం ఎవరు పెడుతున్నారు?... సెలవా? అమ్మవారికి సెలవేంటండీ? మొదలెట్టాక తప్పదు. తెల్లారకుండా లేచి తలస్నానం చేసి, మడి కట్టుకుని మీరే వండాలి. మీ ఆవిడకి చెప్పారా?... అబ్బే, మా సెంటిమెంటు ఏం లేదండి, మా బరువు మేం దింపేసుకున్నాం. మీరు ఎత్తుకుంటానంటే మీ ఇష్టం."

వెంకటరత్నం గారు కాఫీ గ్లాసు పక్కన పెట్టి, భుజాలు కుదుపుతూ నవ్వుతున్నారు. నాకు నవ్వు రాలేదు. ఏళ్ళ తరబడి ఛాతీ మీద ఉన్న బండ ఎవరో ఎత్తినట్టయి, కళ్ళు తడిశాయి. తుడుచుకుని, చల్లారిన కాఫీ తాగేశాను. అంత మంచి కాఫీ నేను తాగలేదు.

తర్వాత

నేను బందరు చేరేసరికి ఫ్లెక్సీ లేదు. స్టాండు లేదు. పళ్ళెం పోయినందుకు వాచ్‌మన్ నాతో చాన్నాళ్ళు మాట్లాడలేదు. ప్రభాకర్ గారు నన్ను ఒక్క మాట అనలేదు. నిజానికి ఆయన ముఖం కూడా తేలికపడింది. పాపం, ఆయనా భయపడుతూనే బతికాడు. కొయ్యని శుభ్రం చేయడం తెలిసినవాళ్ళని పిలిపించి పాదాలు తుడిపించారు. ఒక చోట ఎరుపు పోలేదు, పీచులోకి దిగిపోయింది. బొమ్మని మళ్ళీ హాలు మధ్యకి జరిపారు. కింద పేరు మళ్ళీ నేనే కుంచెతో రాశాను. ఈ బొమ్మ ఒక ఇంట్లో పూజలందుకుందని, ఆ కళని గుడికి తరలించారని, ఇప్పుడు ఇక్కడ చూడటానికి ఉందని.

శిరీషా, ఇంకా ఎవరైనా వచ్చి చేతులు జోడిస్తారు. జోడించనీ. ఆపకు. చెయ్యమని ఎవరికీ చెప్పకు. ఒక దాత మనసు, ఒక ఊరి మనసు, ఒక మతం మనసు ఏమిటో మనమే ఊహించేసుకుని వణకొద్దు. బస్సెక్కి వెళ్ళి అడుగు. సత్యవతి గారు నేర్పింది బొమ్మల ముందే కాదు, మనుషుల ముందు కూడా పనికొస్తుంది. అడుగు, అడిగి ఊరుకో.

ఎస్తేరు గారికి ఫోను చేసి జరిగిందంతా చెప్తే వెంటనే నమ్మలేదు. "ముందు నేనొచ్చి చూస్తానండీ" అన్నారు. శనివారం ఒక్కరే వచ్చి, చెప్పులతోనే మూడు హాళ్ళూ తిరిగి, నేను రాసింది రెండుసార్లు చదివారు. "ఇన్నాళ్ళు చూసుకున్న ఆ అమ్మగారు కూడా వస్తే బావుంటుందండీ. పిల్లలు అడగడానికి ఒక మనిషుండాలి" అన్నారు. అలా ఇద్దరూ ఒకే రోజు వచ్చారు.

క్లాసంతా ఒకే గుమ్మంలోంచి, టపటపా చెప్పుల చప్పుడుతో లోపలికి వచ్చింది. అనసూయమ్మ గారు గుమ్మంలో ఆగారు. అలవాటుగా చెప్పులు విప్పారు. పిల్లల కాళ్ళు చూసి మళ్ళీ తొడుక్కోబోయి, ఊరుకుని, ఉత్తకాళ్ళతోనే వచ్చి బొమ్మ ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు.

ముట్టుకోకుండా చూడాలంతే అని చెప్పి, ఏం కనపడుతోందర్రా అని అడిగాను. ఊరుకున్నాను. ఫ్యాను చప్పుడు.

దీవెన అనే పిల్ల బొమ్మ చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళింది. "మేడమ్! జడుంది! జడకుచ్చులు కూడా ఉన్నాయ్!"

పిల్లలందరూ అటు పరిగెత్తారు. అనసూయమ్మ గారు లేచి, నెమ్మదిగా వెనక్కి వచ్చారు. నడుము దిగేదాకా జడ. పాయ పాయకీ పువ్వు చెక్కి ఉంది. చివర మూడు కుచ్చులు, వాటి దారాలు కూడా విడివిడిగా.

"గూట్లో ఉండేదండీ," అన్నారావిడ, ఎవరితోనో తెలియకుండా. "ముందు నుంచే చీర చుట్టి పక్కలకి దోపేదాన్ని. బయటికి తీసిన రోజు బట్ట చుట్టి పట్టుకుపోయారు. జడుందని నాకు తెలీదు." తర్వాత, "గోడ వైపు ఉండే జడకి ఇంత పనెందుకు చేశాడమ్మా ఆ చెక్కినవాడు?"

ఆవిడ చెయ్యి దానంతట అదే లేచి, జడకుచ్చుల దాకా వెళ్ళింది.

"అమ్మమ్మా, ముట్టుకోకూడదండీ," అంది దీవెన గట్టిగా. "చూడాలంతే. మాస్టారు చెప్పారు."

కంగారుగా ఎస్తేరు గారు ఆ పిల్ల భుజం పట్టుకోబోయారు. అనసూయమ్మ గారు గాల్లో ఆగిన తన చేతి వంక చూసుకుని, దాన్ని వెనక్కి తీసుకుని, చిన్నగా నవ్వారు.

"ఔను తల్లీ," అన్నారు. "ఇంక నేను ముట్టుకోనక్కర్లేదు."